చుంచును ఎలుకనుకుని కొట్టకండర్రా

చిరంజీవులు కిట్టు, బుజ్జి, చిన్నిలకు అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమందరం క్షేమం. తాతయ్యకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. పొద్దున్నే కొబ్బరితోటలోకి వెళ్లొస్తున్నారు.

మొన్న ఫోన్లో కిట్టు అడిగాడు, వంటింట్లోకి దూరిన ఎలుకకి మూతి అంత పొడుగ్గా ఎందుకుందని. అంతలోనే నాన్నగారు కర్ర తీశారని చిన్ని అరిచింది, ఫోన్ కట్టయిపోయింది. రెండు మాటల్లో తేలే జవాబు కాదని ఉత్తరం రాస్తున్నాను. ముగ్గురూ కూర్చుని చదవండి. నాన్నగారికి కూడా చదివి వినిపించండి.

మీ ఇంట్లోకి వచ్చింది ఎలుక కాదర్రా, చుంచు. ఎలుకకీ దానికీ దగ్గర చుట్టరికం కూడా లేదు. ఎలుక ముందుపళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవాలి కాబట్టి తలుపు చెక్క, బియ్యం గోతాం, కరెంటు వైరు, ఏది దొరికితే అది కొరుకుతుంది. చుంచు పళ్లు అలా పెరగవు. చిన్నగా, సూదిగా ఉంటాయి, పురుగుల పెంకు పగలగొట్టడానికి సరిపోతాయి. బొద్దింకలు, మిడతలు, వానపాములు, దొరికితే ఎలుక పిల్లలు దాని తిండి. ఎంగిలి మెతుకులు పడేస్తే అవీ తింటుంది. తిన్నది ఒంట్లో ఇట్టే అరిగిపోతుంది కనుక రాత్రంతా వెతుక్కుంటూనే ఉండాలి.

ఆ వెతుకులాటకే మూతి. చుంచు కళ్లు ఆవగింజలంత, చూపు అంతంత మాత్రం. చీకట్లో గోడ వారగా పోతూ మూతిని పైకీ కిందికీ ఆడిస్తూనే ఉంటుంది. చివరనున్న ముక్కు వాసన పడుతుంది, చుట్టూ ఉన్న మీసాలు ఏది తగిలిందో చెబుతాయి. గ్యాసుబండ వెనక సందులో నక్కిన బొద్దింక మన చీపురుకి అందదు, చుంచు మూతికి అందుతుంది.

దాని కంపు సంగతి నాకు తెలుసు. ఒంటికి రెండు పక్కలా ఉండే గ్రంథుల నుంచి వస్తుంది ఆ వాసన. దాని వల్లే పిల్లి పట్టినా తినకుండా వదిలేస్తుంది చాలాసార్లు. తల్లి చుంచు పిల్లల్ని వెంటబెట్టుకుని పోయేటప్పుడు చూడాలి మీరు. మొదటి పిల్ల తల్లి తోక దగ్గర బొచ్చు నోటితో పట్టుకుంటుంది, రెండోది మొదటిదాన్ని, మూడోది రెండోదాన్ని. రైలు పెట్టెల్లా వరసగా కదిలిపోతాయి. వానాకాలంలో మన పెరట్లో చాలాసార్లు చూశాను, ఎప్పుడు చూసినా నిలబడిపోతాను.

కాబట్టి ఈసారి వస్తే చేతితో పట్టుకోకండి, కరుస్తుంది, రోగాలు కూడా అంటొచ్చు. బయటి తలుపు తీసి పెట్టి పక్కకి తప్పుకోండి. గోడ వెంబడే పోయి అదే దారి చూసుకుంటుంది. తూము కన్నానికి జాలీ వేయించమని నాన్నగారితో చెప్పండి. కర్ర మాత్రం వద్దు.

కిట్టు ప్రశ్న ఒక్క చుంచుతో తీరదు. పొడుగు మూతి ఉన్న ఏ ప్రాణిని చూసినా నేను ముందు ఒకటే అడుగుతాను: దీని తిండి ఎక్కడుంది? ఏనుగునే తీసుకోండి. అంత ఎత్తు ప్రాణి వంగకుండా నేలమీద గడ్డి ఎలా తింటుంది? ఏనుగు మెడ పొట్టిది, తల బరువు. అందుకే ముక్కూ పైపెదవీ కలిసిపోయి తొండంగా సాగాయి. అందులో ఒక్క ఎముక లేదు, వేలకొద్దీ కండరపు పోగులు. నీళ్లు తొండంతో తాగదు, పీల్చి నోట్లో పోసుకుంటుంది. మన ఏనుగుల తొండం చివర వేలులాంటి కొస ఒకటి ఉంటుంది, ఆఫ్రికా ఏనుగులకి రెండు. ఆ ఆఫ్రికాలోనే సెంగి అని చిన్న జంతువుంది, అచ్చం చుంచులా పొడుగు మూతి, పురుగులే తిండి. చుంచుల జాతే అనుకున్నారు చాలాకాలం. జన్యువులు పరీక్షిస్తే అది మన చుంచుకన్నా ఏనుగుకే దగ్గర చుట్టమని తేలింది! ఒకేరకం తిండి కోసం వెతికీ వెతికీ వేరువేరు వంశాలు ఒకేరకం మూతి తెచ్చుకున్నాయి. నాకు ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

నీళ్లలో సంగతి వేరు. గోదావరికి ఉపనది మంజీరాలో ఉండే మొసలికి మూతి వెడల్పుగా ఉంటుంది, ఒడ్డుకొచ్చిన జంతువుని కూడా పట్టగలదు. ఉత్తరాదిన చంబల్ నదిలో ఉండే ఘరియల్ అనే రకం మొసలికి మూతి సన్నగా, పొడుగ్గా, నూటికి పైగా పళ్లతో ఉంటుంది. దాని తిండి చేపలు. వెడల్పు మూతిని నీళ్లలో పక్కకి విసరాలంటే నీళ్లు అడ్డుపడతాయి, సన్నటి మూతి చప్పున తిరుగుతుంది. వేట వల్ల, నదులు పాడవడం వల్ల అది అంతరించే దశకి వచ్చింది. 1975లో మొదలైన మొసళ్ల సంరక్షణ పథకంలో గుడ్లు సేకరించి, పిల్లల్ని పెంచి నదుల్లో వదిలారు.

మన సముద్రంలో రంపపు చేప ఉండేది. తల ముందు పొడుగాటి రంపం. అందులో పళ్లలా కనిపించేవి నిజం పళ్లు కావు, ఒంటిమీది పొలుసులే అలా పెరిగాయి. చేపలు కదిలినప్పుడు పుట్టే సన్నటి విద్యుత్తుని ఆ రంపం పసిగడుతుంది, బురదనీళ్లలో కూడా. అదే రంపం వలల్లో చిక్కుకుని దాని ప్రాణం తీసింది. 2001 నుంచి దాన్ని పట్టడం చట్టప్రకారం నేరం. ఇప్పుడు మన తీరంలో కనబడటమే అరుదు.

ఇక మన ఇంట్లోకి రండి. బియ్యం డబ్బాలో ముక్కు పురుగు ఉంటుందే, బుజ్జి చూసి అన్నం మానేసింది చూడు, అదే. దాని ముక్కు మన ముక్కులాంటిది కాదు. చివర నోరుంటుంది, చిట్టి దవడలతో. వాసన పట్టేది ముక్కు మీద మొలిచిన మీసాలు. ఆడపురుగు ఆ దవడలతో బియ్యపు గింజకి కన్నం తొలిచి, గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. లోపల పిల్ల గింజని తినేసి, నెల తిరిగేసరికి పురుగై బయటికొస్తుంది. బియ్యం కడిగేటప్పుడు తేలేవి అలా డొల్లయిన గింజలే.

దాని పెద్ద చుట్టమే తాతయ్యకి నిద్రపట్టనివ్వని ఎర్ర ముక్కు పురుగు. మీ బొటనవేలి పైకణుపంత పొడుగు, ఎర్రమట్టి రంగు. కొబ్బరిచెట్టుకి ఎక్కడ గాయమైనా ఆ వాసనకి వస్తుంది. కొమ్ము పురుగు తొలిచిన కన్నమైనా సరే, మట్ట కోసిన చోటైనా సరే. ఆ మెత్తటి చోట ముక్కుతో గుంట చేసి గుడ్లు పెడుతుంది. కాళ్లులేని పిల్లపురుగులు మాను లోపలే తింటూ పెరుగుతాయి. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. మొవ్వు వాలిపోయేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే తాతయ్య మానుకి చెవి ఆనించి వింటారు, నమిలే చప్పుడు వినపడుతుంది. కన్నంలోంచి గోధుమరంగు రసం, నమిలి వదిలిన పీచు బయటికొస్తున్నాయేమో చూస్తారు. పచ్చి మట్ట కోయాల్సి వస్తే మొదలుకంటా కోయనివ్వరు, నాలుగడుగులు వదిలి కోయిస్తారు. అనుమానం వస్తే అంబాజీపేట పరిశోధన స్థానానికి వెళ్లి అడుగుతారు.

1980ల్లో ఈ పురుగు మొక్కలతోపాటు గల్ఫ్ దేశాల ఖర్జూర తోటలకి చేరింది, తర్వాత యూరప్‌కి కూడా. ఎంత టెన్షన్ పెడుతున్నా దాని పనితనం చూస్తే నాకు ముచ్చటే. ఇంత గట్టి చెట్టుకి ఇంత ముక్కుతో దారి చేసుకోవడం మాటలా?

తోటలో లింగాకర్షక బుట్టలు కట్టించారు తాతయ్య. మగపురుగు వదిలే వాసనలాంటి మందు అందులో ఉంటుంది, దానికి మగవీ ఆడవీ రెండూ వచ్చి పడతాయి. సెలవులకి వచ్చేటప్పుడు భూతద్దం తెచ్చుకోండి. బుట్ట విప్పేటప్పుడు తాతయ్య పక్కన నిలబడండి, లోపల మందునీళ్లు ఉంటాయి గనక మీరు చెయ్యి పెట్టొద్దు. ముక్కు మీద కుచ్చులా వెంట్రుకలుంటే మగది. నున్నగా, ఇంకాస్త పొడుగ్గా ఉంటే ఆడది. ఏవి ఎన్ని పడ్డాయో బుజ్జి లెక్క రాయాలి.

ఇట్లు,
మీ అమ్మమ్మ