సేల్స్‌మన్ సెలవు పెడితే లైన్ సంగతేంటి? అపోహలు - వాస్తవాలు

అపోహ: నాలుగు రోజులే కదా, వచ్చాక ఆయనే చూసుకుంటాడు.

వాస్తవం: కిరాణా షాపులకు సరుకు వేసే ఏజెన్సీల్లో సాధారణంగా ఒక్కో షాపుకి వారానికి ఒకటే రోజు. సోమవారం లైన్ (ఆ రోజు తిరగాల్సిన షాపుల వరస) తప్పిందంటే ఆ షాపులు 14 రోజులపాటు మన మనిషిని చూడవు. ఈలోగా అర ఖాళీగా ఉండదు, పోటీ కంపెనీవాడు నింపేస్తాడు.

అపోహ: పక్క లైన్ కుర్రాణ్ణి రెండూ తిరగమంటే సరి.

వాస్తవం: తన 40 షాపులకు మరో 40 కలిపితే రెండు లైన్లూ పాడవుతాయి. పెద్ద షాపులు పదో పన్నెండో అతనికివ్వండి. మిగతావాటికి ఆఫీసు నుంచే, మధ్యాహ్నం బేరం పలచబడ్డాక ఫోన్ చేసి ఆర్డర్ తీసుకోండి.

అపోహ: షాపుల లిస్టు, బాకీల ప్రింటు ఇస్తే అప్పగింత అయినట్టే.

వాస్తవం: అసలు గొడవంతా ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్‌లో) కనిపించని వాటితోనే. నోటిమాట స్కీములు, వెనక్కి తీసుకుంటామని చెప్పి తీసుకోని ఎక్స్‌పైరీ సరుకు, ఏ షాపులో ఆర్డర్ తండ్రిదీ డబ్బులు కొడుకువీ అన్న సంగతీ. కొత్తవాడు గడప తొక్కగానే "మీవాడు పన్నెండుకి ఒకటి ఫ్రీ అన్నాడే" అంటారు. కాగితం లేకపోతే ఔనంటే మనకు నష్టం, కాదంటే షాపుకి కోపం. అందుకే షాపువారీగా ఇవన్నీ సేల్స్‌మన్ చేతే రాయించండి. ఉన్నట్టుండి సెలవైతే కనీసం పెద్ద షాపుల వరకు ఫోన్‌లో అడిగి రాసుకోండి.

అపోహ: కలెక్షన్ ఆయన వచ్చాక చూద్దాం.

వాస్తవం: చెక్కు దాని మీది తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుంది. బౌన్సయితే, ఆ సంగతి బ్యాంకు మనకు తెలిపిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసివ్వాలి. కాబట్టి సెలవుకు ముందే బ్యాగులోని చెక్కులు, రసీదు పుస్తకం ఆఫీసులో జమ కావాలి. కవర్‌కి, అంటే ఆయన బదులు లైన్‌కి, వెళ్లేవాడికి వేరే పుస్తకం ఇవ్వండి. ఒకే పుస్తకం ఇద్దరు వాడితే, తేడా వచ్చిన రోజు ఎవరిదో తేలదు. ఇంకోటి: షాపులో మన బాకీ అంకె ముందే చెప్పొద్దు, "మీ లెక్కలో ఎంతుంది?" అని అడగమనండి. జేబులో ఉండిపోయిన కలెక్షన్లు బయటపడేది ఇలాంటప్పుడే.

అపోహ: ఆర్డర్ తెచ్చినవాడిదే ఇన్సెంటివ్.

వాస్తవం: అలా చేస్తే వచ్చే నెల సరుకు కూడా ఇప్పుడే షాపుల్లో కుక్కేస్తాడు. అమ్మకం లైన్ మనిషి ఖాతాలోనే ఉంచి, కవర్ చేసినవాడికి రోజుకింతని భత్యం, పెట్రోలు ఖర్చు ఇవ్వండి.