పక్షుల నడకకు వచ్చే ముందు: ప్రతి ఆదివారం నేను వినే అపోహలు, అసలు సంగతులు

“ఎన్ని కిలోమీటర్లు నడవాలండీ?”

కొత్తగా పేరు ఇచ్చినవాళ్లు ఫోన్ చేసి ముందుగా అడిగేది ఇదే. పేరులోనే నడక ఉంది కాబట్టి ఆ అనుమానం సహజం. మొన్న ఆదివారం అమీన్‌పూర్ చెరువు దగ్గర పద్నాలుగు మందిమి పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించాం. ఆ రెండున్నర గంటల్లో కిలోమీటరు కూడా నడవలేదు. ఒక్క తుమ్మచెట్టు కిందే నలభై నిమిషాలు నిలబడ్డాం.

ఎదురుగా బురదలో ఒక గుడ్డికొంగ ఉంది. మెడ లోపలికి లాక్కుని, మట్టిముద్దలా కూర్చుంది. వేలు పెట్టి చూపించినా పది నిమిషాల దాకా సగం మందికి అది కనబడలేదు. తర్వాత దాని మెడ సాగడం మొదలైంది. గడియారం ముల్లు కదిలినంత నెమ్మదిగా. అంత మెడ ఉందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. ఒక్క పోటు, ముక్కున చిన్న చేప. దాన్ని తిప్పి, తల ముందు లోపలికి వెళ్లేలా పట్టుకుని మింగింది. కాసేపటికి లేచి ఎగిరేసరికి ఆ మట్టిముద్ద కాస్తా తెల్లటి కొంగ అయిపోయింది. రెక్కలు ముడిచినప్పుడు ఆ తెలుపంతా గోధుమరంగు ఈకల కింద దాగి ఉంటుంది. మనం బాగా దగ్గరికి వెళ్లేదాకా ఎగరదు కాబట్టి దానికి కళ్లు కనిపించవని మనవాళ్లు అనుకున్నట్టున్నారు. నిజానికి అది మనల్ని ఎప్పుడో చూసేసింది. తన రంగు తనను దాచుతుందన్న ధైర్యంతో కదలకుండా ఉంది.

పక్షుల గురించి మనకున్న అపోహల్లో చాలా వరకు ఇలా నిలబడి చూడకపోవడం వల్ల పుట్టినవే. పన్నెండేళ్లుగా హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులకూ అనంతగిరికీ కొత్తవాళ్లను తీసుకెళ్తున్నాను. మళ్లీ మళ్లీ వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఖరీదైన కెమెరా, పెద్ద లెన్స్ లేకపోతే రావడం దండగ

కెమెరా అసలు అక్కర్లేదు. మొదటిసారి వచ్చేవాళ్లను వీలైతే అది ఇంట్లోనే ఉంచి రమ్మంటాను. కెమెరా ఉన్న మనిషి ఫొటో పడగానే తెర చూసుకుంటాడు. అసలు సంగతి ఆ క్షణంలోనే జరిగిపోతుంది.

బైనాక్యులర్స్ మాత్రం ఉంటే మంచిది. కొనేముందు ఒకటి రెండుసార్లు మా దగ్గరున్నవి వాడి చూడండి. వాటి మీద 8×42 అని రాసి ఉంటుంది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందున్న అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని దాని అర్థం. షాపువాళ్లు పది రెట్లది, పన్నెండు రెట్లది తీసుకోమంటారు. రెట్లు పెరిగేకొద్దీ మన చేతి వణుకూ అన్ని రెట్లు పెద్దదవుతుంది, కనిపించే మేర తగ్గిపోతుంది. కొత్తవాళ్లకు ఎనిమిదే సుఖం.

చాలామంది బైనాక్యులర్స్‌లో ఏమీ కనిపించట్లేదంటారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పక్షి మీద నుంచి చూపు తీసి, తల వంచి, బైనాక్యులర్స్ చూసుకుని, మళ్లీ పైకెత్తి వెతుకుతారు. అలా దొరకదు. పక్షి మీద చూపు అలాగే ఉంచి, తల కదపకుండా, బైనాక్యులర్సే కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు కళ్ల దగ్గరుండే రబ్బరు కప్పులను కిందికి తిప్పేసుకోవాలి. అంతే, నల్లటి అంచులు పోయి బొమ్మ నిండుగా కనిపిస్తుంది.

అపోహ: పక్షులు చూడాలంటే అడవికి పోవాలి

మీ కాలనీ వేపచెట్టుతో మొదలుపెట్టండి. గోరింక, పిగిలిపిట్ట, తేనెపిట్ట, జెముడుకాకి అక్కడే దొరుకుతాయి. అమీన్‌పూర్ చెరువుకు చుట్టూ అపార్ట్‌మెంట్లే. అయినా 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించారు.

అపోహ: మన ఊళ్లకు వచ్చే పెద్ద కొంగలన్నీ సైబీరియావి

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లే దీన్ని ఎక్కువ నమ్ముతున్నారు. ఏటా శీతాకాలం రాగానే పేపర్లలో ‘సైబీరియా అతిథులు’ అని ఫొటో వస్తుంది. ఫొటోలో ఉండేది చాలాసార్లు ఎర్రకాళ్ల కొంగో గూడబాతో అయి ఉంటుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, హిందూపురం వైపు వీరాపురం, పులికాట్ పక్కనున్న నేలపట్టు, ఎక్కడికి వెళ్లినా ఇదే మాట వినిపిస్తుంది.

ఈ రెండూ మనవే. దక్షిణాసియాలోనే పుట్టి, ఇక్కడే పెరిగి, నీళ్లు ఎక్కడుంటే అక్కడికి చెరువు నుంచి చెరువుకు తిరిగే పక్షులు. గుర్తుపట్టడానికి నేను అందరికీ ఒక సులువు చెబుతాను. చెట్టు మీద గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని సాకుతోందంటే అది చలికాలానికని ఉత్తరం నుంచి వచ్చిన చుట్టం కాదు. అలా వలస వచ్చేవి ఇక్కడ గూడు కట్టవు. చలికాలం గడిపి, మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగి వెళ్లి అక్కడే పిల్లల్ని కంటాయి.

నన్ను కదిలించే విషయం ఒకటుంది. ఆ ఊళ్ల పెద్దవాళ్లు ఈ కొంగలను పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు. చెట్టు కొట్టనివ్వరు, రాయి వేయనివ్వరు. ఊరివాళ్ల మాటే శాస్త్రానికి దగ్గరగా ఉంది. అవి నిజంగా పురిటికే వస్తున్నాయి, నిజంగా పుట్టింటికే వస్తున్నాయి. సైబీరియా అన్న మాట మాత్రం మధ్యలో ఎవరో తెచ్చి అతికించింది. అసలు సైబీరియా కొంగ అని పేరున్న పక్షి మన దేశంలో చివరిసారిగా కనిపించింది 2001-02 చలికాలంలో, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో.

అంత దూరం నుంచి నిజంగా వచ్చేవీ మన చెరువుల్లో ఉన్నాయి. సూదితోక బాతులు వస్తాయి. బురద అంచున పరుగులు తీసే ఉల్లంకులు వస్తాయి. తల మీద రెండు నల్ల పట్టీలుండే బార్ హెడెడ్ గూస్ అయితే టిబెట్, మంగోలియాల నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ఉల్లంకి పిడికెడంత ఉంటుంది, మట్టిరంగులో ఉంటుంది కాబట్టి దాని దగ్గర ఎవరూ ఆగరు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చింది అదేనని చెబితే మాత్రం అప్పటిదాకా సెల్ఫీలు తీసుకుంటున్న పిల్లలు కూడా బైనాక్యులర్స్ కోసం చెయ్యి చాపుతారు.

అపోహ: తీతువు పిట్ట అరిస్తే చావు కబురు

మా అమ్మమ్మ కూడా నమ్మేది. రాత్రి తీతువు అరిస్తే లేచి దేవుడి పటం ముందు దీపం పెట్టేది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ పిట్ట ఎందుకు అరుస్తుందో దగ్గర నుంచి చూశాక అది ఉండదు.

తీతువు చెట్టెక్కదు. నేల మీదే నాలుగు గులకరాళ్ల మధ్య గుంటలో గుడ్లు పెడుతుంది. సాధారణంగా నాలుగుంటాయి. అచ్చం మట్టిపెళ్లల రంగు, మీద నల్లటి మచ్చలు. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో హిమాయత్‌సాగర్ అంచున ఒక జంటను దూరం నుంచి చూశాం. ఎండ పెరుగుతుంటే ఒక పక్షి నీటి దగ్గరికి వెళ్లి, పొట్ట ఈకలు తడుపుకుని, తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంది. గుడ్లు ఉడికిపోకుండా చల్లబరచడానికి. కాసేపటికి ఒక కుక్క అటు వచ్చింది. ఇక చూడాలి, రెండూ గాల్లోకి లేచి దాని తల మీదకు దూకుతూ ఒకటే అరుపు. కుక్క పోయాకే ఆగాయి. రాత్రిపూటా జరిగేది ఇదే. పిల్లో నక్కో మనిషో అటు వస్తే గుడ్లున్న తల్లి అరుస్తుంది. చావు కబురు కాదు, కాపలా.

గుడ్లగూబకూ ఇదే అన్యాయం జరుగుతోంది. పొలంలో ఎలుకల్ని తినే పక్షిని ఇంటి మీద వాలిందని రాళ్లతో కొడుతున్నాం.

అపోహ: దసరా రోజు పంజరంలో పాలపిట్టను చూసినా పుణ్యమే

పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూడాలన్న ఆచారం నాకూ ఇష్టమే. డబ్బులిచ్చి పంజరంలో చూడటం మాత్రం ఆచారం కాదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం కూడా. పట్టినవాళ్లు ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తిరిస్తారు, కాళ్లు కట్టేస్తారు. మనం పది రూపాయలిస్తే వచ్చే ఏడు ఇంకో పిట్టను పడతారు.

దసరా పొద్దున ఊరు దాటి పొలాల వైపు వెళ్లండి. కరెంటు తీగల మీద చూడండి. కూర్చున్నప్పుడు మామూలు గోధుమరంగు పిట్టే. మిడత కోసం కిందికి దూకినప్పుడు రెక్కల్లోని రెండు నీలాలూ విచ్చుకుంటాయి. ఆచారంలో చూడమన్నది ఆ ఎగరడాన్నే అయి ఉంటుందని నాకనిపిస్తుంది.

అపోహ: సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించిపోయాయి

అంతరించలేదు. 2020లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది పెద్ద నగరాల్లో. టవర్ల రేడియేషనే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. పెంకుటిళ్ల చూరులు పోయి గూటికి చోటు లేదు. పురుగులు కూడా లేవు. అరుగు మీద వరి కుచ్చు వేలాడదీయడం మంచి పనే, అది పెద్ద పిచ్చుకలకు తిండి. గూట్లో పిల్లకు కావాల్సింది మెత్తటి పురుగు. మందు కొట్టని నాలుగు మొక్కలు, గోడకు ఒక చెక్క గూడు ఉంటే ఇంకా మేలు.

గూట్లోంచి పడిన పిల్లను మనిషి ముట్టుకుంటే తల్లి వెలేస్తుందన్నదీ నిజం కాదు. గూడు కనబడితే మెల్లగా తీసి అందులో పెట్టి దూరంగా జరగండి.

అపోహ: ఫోన్‌లో కూత పెడితే పక్షి బయటికొస్తుంది, అందులో తప్పేముంది?

వస్తుంది. అదే తప్పు.

మొదట్లో నేనూ ఇలా చేశాను. ఒక జూన్ పొద్దున అనంతగిరిలో, వచ్చినవాళ్లకు ఏదో ఒకటి చూపించాలన్న టెన్షన్‌లో చిన్న నీలిపిట్ట ఒకదాని కూత ఫోన్‌లో పెట్టాను. టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ అంటారు దాన్ని. వెంటనే వచ్చింది. ఫోన్ చుట్టూ కొమ్మ నుంచి కొమ్మకు తిరిగింది. అందరూ సంతోషించారు. ఫొటో పెద్దది చేసి చూస్తే దాని ముక్కున ఆకుపచ్చ పురుగు ఉంది. అంటే ఎక్కడో గూట్లో పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నా ఫోన్‌లో ఉన్నది తన చోటు లాక్కోవడానికొచ్చిన ఇంకో మగపిట్ట అనుకుని, పిల్లల తిండి నోట్లో పెట్టుకునే పోట్లాటకు వచ్చింది. ఆ రోజు నుంచి మా నడకల్లో ఎవరూ కూత పెట్టరు.

కూత విని పేరు చెప్పే యాప్‌లు వేరు, అవి వాడుకోవచ్చు. గుడ్డిగా మాత్రం నమ్మకండి. పసుల పోలిగాడు, అంటే బ్లాక్ డ్రాంగో, డేగ కూతను అనుకరించి యాప్‌నే కాదు, గోరింకలనూ బెదరగొట్టగలదు.

అపోహ: ఇంగ్లీషు పేర్లు, శాస్త్రీయ నామాలు వచ్చినవాళ్లకే ఇది

ఈ మాట అనుకునే ఎంతోమంది రాకుండా ఉండిపోతున్నారు. ప్రపంచమంతా పిట్టా అని పిలిచే రంగురంగుల పక్షుల కుటుంబానికి ఆ పేరు మన తెలుగు ‘పిట్ట’ నుంచే వెళ్లింది. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ 1862 నుంచి అచ్చువేసిన భారతదేశ పక్షుల గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా రాశాడు. ఆ పేర్లు ఇక్కడి జనం దగ్గర విన్నవే. 1900 తర్వాత జాడలేక, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల వైపు మళ్లీ దొరికింది. శాస్త్రవేత్తలు ఊళ్లు తిరిగి అడిగితే, దాన్ని గుర్తుపట్టి పట్టి చూపించింది అక్కడి వేటగాడు.

పోయిన నెల అమీన్‌పూర్ గట్టు మీద గేదెలు కాసే ఒక తాత మమ్మల్ని కాసేపు చూసి, “ఏం జూస్తున్రు బిడ్డా?” అని అడిగాడు. బ్లాక్ డ్రాంగో అని మా గుంపులో ఒకమ్మాయి చూపించింది. “అదా, అది నా బర్రెనెక్కి తిరుగుతది. బర్రె నడిస్తే గడ్డిల కెల్లి పురుగులు లేస్తయ్, వాటికోసమని” అన్నాడు. నేను పావుగంట చెప్పాల్సింది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. పసుల పోలిగాడన్న పేరు ఎందుకొచ్చిందో అందరికీ అర్థమైంది. మేం ఆయన్నూ ఉండమన్నాం, తొమ్మిదింటిదాకా ఉన్నాడు.

వచ్చే ఆదివారం రావాలనుకుంటే మట్టిరంగో ముదురాకుపచ్చో బట్టలు వేసుకోండి, తెలుపు వద్దు. సెంటు కొట్టుకున్నా పర్లేదు, పక్షులకు అది పెద్దగా పట్టదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. నీళ్లసీసా, టోపీ, చిన్న నోట్‌బుక్ తెచ్చుకోండి. పిల్లల్ని తీసుకురావచ్చా అని అడుగుతుంటారు. తప్పకుండా తీసుకురండి, ఆ రోజు గుడ్డికొంగను అందరికన్నా ముందు కనిపెట్టింది ఐదో తరగతి చదివే అబ్బాయి.