పాస్‌ను కాపాడే విజిల్: అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1906 నుంచి సాగుతున్న తగువు

2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్‌లో సెయింట్స్, రామ్స్ తలపడ్డాయి. గెలిచిన జట్టుకు సూపర్ బౌల్ అనే లీగ్ ఫైనల్‌కు బెర్తు. స్కోరు 20-20, ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేవు. సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ప్రధాన ఆటగాడు) డ్రూ బ్రీస్ కుడి పక్కకు పరుగెడుతున్న టామీలీ లూయిస్‌కు బంతి వేశాడు. అది చేతికి అందేలోపే రామ్స్ డిఫెండర్ నికెల్ రోబీ-కోల్‌మన్ దూసుకొచ్చి లూయిస్‌ను గుద్ది పడేశాడు. తప్పు జరిగిందని రిఫరీలు విసిరే పసుపు జెండా కోసం స్టేడియమంతా చూసింది. ఏ రిఫరీ జేబులోంచీ జెండా రాలేదు. అదనపు సమయంలో రామ్స్ 26-23తో గెలిచారు.

రిఫరీలు చూసీ వదిలేసిన ఆ తప్పును పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. గాల్లో ఉన్న బంతిని అందుకునే హక్కు పాస్ అందుకోవాల్సిన రిసీవర్‌కూ, అతన్ని అడ్డుకునే డిఫెండర్‌కూ సమానమే. అయితే బంతి రాకముందే ఎదుటివాణ్ణి గుద్దడం, చెయ్యి పట్టి లాగడం కుదరదు. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో డిఫెండర్ ఈ తప్పు చేస్తే బంతిని తప్పు జరిగిన చోటే పెడతారు. 40 గజాల అవతల చేస్తే 40 గజాలూ పోయినట్టే. కాలేజీ ఆటలో మాత్రం 15 గజాలకు మించి శిక్ష లేదు. ఒక్క విజిల్‌తో మ్యాచే తారుమారయ్యే పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే పాస్ పుట్టిన రోజుల్లోకి వెళ్లాలి.

మొదట్లో ఈ ఆటలో బంతిని ముందుకు విసరడమే నిషిద్ధం. బంతి పట్టుకున్నవాడి చుట్టూ జట్టంతా కబడ్డీలో గొలుసు కట్టినట్టు చేతులు పెనవేసుకుని ఎదుటివాళ్ల మీదికి తోసుకుపోయేది. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు సాధిస్తే చాలు, బంతి తమ దగ్గరే ఉంటుంది కాబట్టి అంతకుమించి ఆలోచించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. తలకు సరైన రక్షణ లేదు, మెడలు విరిగేవి. 1905 సీజన్లో 18 మందికి పైగా ఆటగాళ్లు చనిపోయారని అప్పటి పత్రికలు లెక్క చెప్పాయి. ఆ అక్టోబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి ఆటను బాగుచేయమని చెప్పారు. అప్పట్లో ఆయన కొడుకు కూడా హార్వర్డ్‌లో ఈ ఆటే ఆడుతున్నాడు. ఆ కదలిక నుంచే కాలేజీల సంఘం పుట్టింది. 1910 నుంచి అదే ఎన్‌సీఏఏ.

1906లో ముందుకు పాస్ వేయడం చట్టబద్ధమైంది. ఆటగాళ్లు ఒకేచోట గుంపుగా కుమ్ముకోకుండా మైదానమంతా విస్తరిస్తారని ఆశ. ఆ మార్పును నడిపించిన కారణం ప్రాణభయం. ఆట అందం గురించిన చర్చ ఆ తర్వాతిది.

అయితే నిబంధనలు రాసే పెద్దలు ఆ తలుపును పూర్తిగా తెరవలేదు. బంతి మొదలైన చోటు నుంచి పక్కకు కనీసం ఐదు గజాలు జరిగాకే పాస్ గీత (రెండు జట్లూ ఎదురెదురుగా నిలిచి ఆట మొదలుపెట్టే గీత) దాటాలన్నారు. అది కొలవడానికి మైదానం మీద నిలువు గీతలు కూడా గీస్తే, మొత్తం చదరంగం బల్లలా తయారైంది. ఎవరికీ తగలకుండా నేలపడిన పాస్‌కు శిక్షగా బంతి ఎదుటి జట్టుకు పోయేది. ఇప్పుడైతే పాస్ నేలపడితే ఒక ప్రయత్నం వృథా అవుతుందంతే, బంతిని మళ్లీ పాత చోటే పెడతారు. అప్పటి కోచ్‌లు పాస్ అంటే ఎందుకు వణికారో ఆ ఒక్క నిబంధన చాలు అర్థం కావడానికి.

1906 సెప్టెంబరు 5న విస్కాన్సిన్‌లోని వాకెషాలో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ వేసిన తొలి పాస్ నేలపాలై బంతి క్యారల్ కాలేజీకి పోయింది. కోచ్ ఎడ్డీ కోకెమ్స్ మాత్రం వెనక్కి తగ్గలేదు. అదే మ్యాచ్‌లో రాబిన్సన్ మళ్లీ విసిరాడు, ఈసారి జాక్ ష్నైడర్ అందుకుని టచ్‌డౌన్ (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం) చేశాడు. పాస్‌ను నమ్ముకున్న ఆ జట్టు ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

పాస్ వచ్చినంత మాత్రాన చావులు ఆగిపోలేదు. 1909లో హార్వర్డ్‌తో ఆడుతూ సైనిక అకాడమీ జట్టైన ఆర్మీ ఆటగాడు యూజీన్ బర్న్ ప్రాణాలు కోల్పోయాడు. మరుసటి ఏడాది చేతులు పెనవేసుకోవడాన్ని, బంతి ఉన్నవాణ్ణి తోయడాన్ని, లాగడాన్ని నిషేధించారు. ఏడుగురు గీత మీదే నిలబడాలన్నారు. 1912లో నాలుగో ప్రయత్నం కలిసింది, పాస్ 20 గజాలు దాటకూడదన్న హద్దు పోయింది, ఎండ్ జోన్‌లో, అంటే ఆ చివరి గీత అవతల, పట్టుకున్నా టచ్‌డౌన్ ఇచ్చారు, బంతి కాస్త సన్నబడింది.

ఆ మరుసటి వేసవిలో నోటర్ డేమ్ ఆటగాళ్లు గస్ డొరేస్, నూట్ రాక్నీ ఒహాయోలోని సీడార్ పాయింట్ బీచ్‌లో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా ఇసుకలో పాస్‌లు సాధన చేశారు. 1913 నవంబరు 1న ఆర్మీ మీద డొరేస్ 17 పాస్‌లు వేస్తే 14 చేతికందాయి. 243 గజాలు వచ్చాయి, స్కోరు 35-13. పాస్‌ను వాళ్లే కనిపెట్టారన్న ప్రచారం ఇప్పటికీ వినిపిస్తుంది. అది సరికాదు, ఆ ఘనతలో రాబిన్సన్, కోకెమ్స్‌లకు రావాల్సిన వాటా వాళ్లకు దక్కలేదని నా అభిప్రాయం.

ప్రొఫెషనల్ ఆటలో పాస్‌కు ఊపిరి పోసింది 1933 నాటి మార్పు. గీతకు ఐదు గజాలు వెనక నిలబడే పాస్ వేయాలన్న షరతు తీసేసి, గీత వెనక ఎక్కడి నుంచైనా వేయొచ్చన్నారు. దాంతో ఎదుటి జట్టుకు అనుమానం మొదలైంది. క్వార్టర్‌బ్యాక్ బంతిని పరుగువీరుడికి ఇస్తున్నాడా, ఇస్తున్నట్టు నటించి విసరబోతున్నాడా? ప్లే యాక్షన్ అనే ఎత్తు మొత్తం ఈ అనుమానం మీదే నడుస్తుంది. తర్వాత రెండేళ్లకు గ్రీన్ బే ప్యాకర్స్‌లోకి వచ్చిన డాన్ హట్సన్, నిర్ణయించిన దారుల్లో పరుగెత్తి డిఫెండర్‌ను బోల్తా కొట్టించడాన్ని ఒక విద్యగా మార్చాడు. అతని 99 టచ్‌డౌన్ క్యాచ్‌ల రికార్డు 1989 దాకా చెక్కుచెదరలేదు.

1970ల్లో పరిస్థితి మళ్లీ మొదటికొచ్చింది. డిఫెండర్లు రిసీవర్లను దారి పొడవునా కొడుతూ, నెడుతూ పోయేవారు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు చెందిన మెల్ బ్లౌంట్ చేతికి చిక్కితే రిసీవర్ ముందుకు కదలడమే కష్టం. 1977లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున 17.2 పాయింట్లే చేసింది. 1978లో లీగ్ రెండు మార్పులు తెచ్చింది. గీత నుంచి ఐదు గజాలు దాటాక డిఫెండర్ రిసీవర్ మీద చెయ్యి వేయకూడదు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌మెన్ చేతులు చాపి అరచేతులతో అడ్డుకోవచ్చు. మొదటిదానికి మెల్ బ్లౌంట్ రూల్ అన్న పేరే స్థిరపడింది. వింతేమిటంటే, ఆ రూల్ వల్ల నష్టపోవాల్సిన స్టీలర్సే టెర్రీ బ్రాడ్‌షా పాస్‌ల బలంతో తర్వాతి రెండు సూపర్ బౌల్స్ గెలిచారు.

ఆ ఐదు గజాల విలువ తెలియాలంటే స్లాంట్ అనే చిన్న పాస్‌ను దగ్గరగా చూడాలి. రిసీవర్ మూడు అడుగులు నేరుగా వేసి లోపలికి ఏటవాలుగా తిరుగుతాడు. క్వార్టర్‌బ్యాక్ మూడు అడుగులు వెనక్కి వేసి, రిసీవర్ తల తిప్పీ తిప్పకముందే బంతి వదిలేస్తాడు. మనిషిని చూసి విసరడం కాదు, మనిషి రాబోయే ఖాళీలోకి విసరడం. మధ్యలో డిఫెండర్ ఒక్క తోపు తోస్తే చాలు, అడుగుల లెక్క తప్పి బంతి వేరేవాళ్ల చేతుల్లో పడుతుంది. సిన్సినాటిలో అంత భుజబలం లేని క్వార్టర్‌బ్యాక్ వర్జిల్ కార్టర్ కోసం కోచ్ బిల్ వాల్ష్ ఇలాంటి పొట్టి పాస్‌లతోనే ఒక పద్ధతిని అల్లాడు. మైదానం పొడవు మీద కాకుండా 53 గజాల పైచిలుకు వెడల్పు మీద దృష్టి పెట్టాడు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో జో మోంటానాతో అదే పద్ధతిలో మూడు సూపర్ బౌల్స్ గెలిచాడు. 1978 రూల్ లేకపోతే ఆ పద్ధతి అంత దూరం పోయేది కాదు.

2004 జనవరిలో న్యూ ఇంగ్లాండ్ డిఫెండర్లు ఇండియనాపోలిస్ రిసీవర్లను కదలనివ్వలేదు. ఆ మ్యాచ్‌లో ఇండియనాపోలిస్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ పాస్‌లు మూడు న్యూ ఇంగ్లాండ్ డిఫెండర్ టై లా చేతికే చిక్కాయి. దాంతో 1978 నాటి రూల్‌నే కచ్చితంగా అమలు చేయాలని లీగ్ రిఫరీలకు గట్టిగా చెప్పింది. ఆ తర్వాత మొదలైన 2004 సీజన్లోనే మానింగ్ 49 టచ్‌డౌన్ పాస్‌లతో డాన్ మరీనో 1984 నాటి 48 రికార్డును దాటాడు.

డిఫెండర్ల చేతులు కట్టేశారని గోడు పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గోడులో కొంత న్యాయం ఉంది. తప్పు జరిగిన చోటే బంతి పెట్టే శిక్ష మరీ పెద్దదనీ, కాలేజీ ఆటలోని 15 గజాల హద్దే మేలనీ నాకనిపిస్తుంది. ఐదు గజాల రూల్ మీద మాత్రం రాజీ వద్దు. అది పోతే ఆట మళ్లీ కుమ్ములాట వైపే జారుతుంది.

న్యూ ఆర్లీన్స్ ఘటన తర్వాత పాస్ ఇంటర్‌ఫియరెన్స్ నిర్ణయాలను వీడియోలో చూసి మార్చే వీలు 2019 సీజన్‌కు కల్పించారు. స్లో మోషన్‌లో ప్రతి స్పర్శా తప్పులాగే కనిపిస్తుంది, ఎంత తగిలితే తప్పన్నదే తేలలేదు. ఒక్క సీజన్‌తోనే దాన్ని వదిలేశారు. మరోవైపు, ట్యాక్లింగ్ (ఎదుటివాణ్ణి పట్టి పడేయడం) లేని, పాస్‌లే ప్రాణమైన ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశం ఆమోదం తెలిపింది. క్రికెట్‌ను కూడా లాస్ ఏంజెలెస్ 2028కి చేర్చింది ఆ సమావేశమే. ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లు ఆ ఒలింపిక్ ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో పాల్గొనడానికి 2025 మేలో జట్ల యజమానులు అనుమతిచ్చారు.