ఫిల్టర్‌ని కుళాయి కింద కడగొద్దు

భీమవరం

చిట్టితల్లీ, కన్నా,

మీరు పంపిన ఫొటోలు చూశాను. పెరట్లో కొలను చక్కగా కుదిరింది. చేపలైతే ఎంత వెతికినా రెండే కనపడ్డాయి, నీళ్ళు అంత పచ్చగా ఉన్నాయి. ఆదివారం నాన్న నీళ్ళన్నీ తోడించేసి, గోడలు రుద్దించి, ఫిల్టర్‌లోని స్పాంజీలు కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా కడిగించి, మళ్ళీ కొత్తగా నింపిద్దామంటున్నారని రాశారు. ఆ పని వద్దని ఈ పూటే చెప్పండి. ఎందుకు వద్దో అడిగితే మీరే చెప్పగలిగేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ చేపల సంగతి. మీ కొలనులో వేసిన ఈ రంగురంగుల చేపల్ని కోయి అంటారు, అది మనకి కొత్త చేపేమీ కాదు. ఇక్కడ మన చెరువుల్లో పెరిగే బంగారుతీగకి రక్తసంబంధం ఉన్న చేప. జపాన్‌లో నీగాతా అనే ప్రాంతం ఉంది. అక్కడి కొండల్లో వరి పండించే రైతులు మంచు కురిసే రోజుల్లో కూరకి పనికొస్తాయని ఈ చేపల్ని గుంటల్లో పెంచుకునేవారు. 1820ల ప్రాంతంలో కొన్నిటి ఒంటిమీద ఎరుపు, తెలుపు రంగులు కనిపించాయి. వాటిని వండుకోకుండా విడిగా పెట్టి, పిల్లలు చేయించి, తరతరాలుగా రంగులు తీర్చారు. 1914లో టోక్యోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో పెట్టాక దేశమంతా వాటి పేరు పాకింది. వాళ్ళు నిషికిగోయి అంటారు. నిషికి అంటే రంగుల పట్టుదారంతో నేసిన జరీబట్ట.

రంగులు మారినా బంగారుతీగ బుద్ధులు మాత్రం పోలేదు. అడుగున మట్టి కెలికి తింటుంది. మీ తాతగారు చెరువులు చేసే రోజుల్లో బంగారుతీగని ఎక్కువ వేయనిచ్చేవారు కాదు, గట్లు తొలిచేస్తుందని. మీరు కుండీలో కలువ పెట్టాలనుకుంటే దుంప మీద గుండ్రాళ్ళు పేర్చండి, లేకపోతే రెండు రోజుల్లో పీకేస్తాయి. ఇంకో సంగతి, ఈ చేపకి మనకున్నట్టు తిన్నది దాచుకునే జీర్ణాశయం లేదు, పొడవాటి పేగు ఒకటే. అందుకే మీరు ఒడ్డుకి వెళ్ళినప్పుడల్లా ఆకలిగా ఉన్నట్టు నోరు తెరుస్తుంది. అది చూసి జాలిపడి మీరు వేసే ప్రతి గుప్పెడు మేతా చివరికి నీళ్ళలో విషంగానే తేలుతుంది. ఎలాగో చెబుతాను.

మేతలో ఉన్న మాంసకృత్తులు ఒంట్లో అరిగాక అమ్మోనియా మిగులుతుంది. మన ఒంట్లో అయితే అది యూరియాగా మారి మూత్రంలో పోతుంది. చేప ఆ కష్టం పెట్టుకోదు, మొప్పల్లోంచి నేరుగా నీళ్ళలోకి వదిలేస్తుంది. చెరువులోనో నదిలోనో అయితే అది ఎక్కడికో పోతుంది. మీ కొలను నాలుగు గోడల మధ్య ఉంది. వదిలిన అమ్మోనియాలోనే చేప ఊపిరి పీల్చుకోవాలి, దానితో మొప్పలు కాలిపోతాయి. దానికి రంగు లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నా అందులో అమ్మోనియా ఉండొచ్చు.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. మన ఇంటి వెనక చిన్న కొలను ఉండేదని అమ్మ మీకు చెప్పే ఉంటుంది. ఒక సంక్రాంతికి చుట్టాలందరూ వస్తున్నారని నేను ఫిల్టర్ మొత్తం విప్పి, స్పాంజీలూ రాళ్ళూ బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో నానబెట్టి కడిగాను. పండగ మూడు రోజులూ నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున పడ్డ ఆకు ఈనెలు కూడా కనపడేవి. అందరూ మెచ్చుకున్నారు. ముక్కనుమ మర్నాటికి చేపలు మూలకి చేరి కదలకుండా నిలబడ్డాయి. వారం తిరిగేసరికి ఏడింట్లో అయిదు పోయాయి. మీ అమ్మకి అప్పుడు పదేళ్ళు. జామచెట్టు కింద పాతిపెడుతుంటే తను ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. వాటిని చంపింది మురికి కాదు, నేను పెట్టిన శుభ్రం.

ఫిల్టర్ లోపల చేతికి జిగురుగా తగిలే గోధుమరంగు పొర ఉంటుంది కదా, అది బ్యాక్టీరియా కాపురం. అందులో నైట్రోసోమోనాస్ అనే జాతి అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, అది ఎక్కితే చేప రక్తం ప్రాణవాయువుని మోయలేక గోధుమరంగుకి తిరుగుతుంది. అప్పుడు నైట్రోస్పైరా అనే ఇంకో జాతి దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌తో చేపకి పెద్దగా ఇబ్బంది లేదు, మొక్కలు తీసుకుంటాయి, కొంత మనం నీళ్ళు మార్చినప్పుడు పోతుంది. ఈ రెండు జాతులూ చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కొత్త కొలనులో అవి నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ కొలను పెట్టి మూడు వారాలే అయింది. ఇప్పుడిప్పుడే మొలకెత్తుతున్న నారుని ఆదివారం నాన్న పీకించేయబోతున్నారు.

కుళాయి నీళ్ళ గొడవ కూడా ఇదే. మన తాగునీళ్ళలో క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. దానికి మంచి క్రిమి, చెడ్డ క్రిమి అని తేడా తెలియదు. స్పాంజీ నల్లగా పూడుకుపోయి నీళ్ళు దిగకపోతే, ఒక బకెట్టులోకి కొలను నీళ్ళే తీసుకుని అందులో రెండుసార్లు పిండండి. పిండిన నీళ్ళు మొక్కలకి పోయండి, గులాబీలకి మంచి ఎరువు. స్పాంజీ గోధుమరంగులోనే ఉండాలి, తెల్లబడకూడదు. అన్నీ ఒకే రోజు పిండకండి. ఈ వారం ఒకటి, రెండు వారాలాగి ఇంకొకటి.

మరి పచ్చదనం సంగతేంటని అడుగుతారు. అది నాచులో ఒక రకం. ఒక్కొక్కటీ ఒకే కణం, కంటికి కనపడదు, కోట్లలో చేరితే నీళ్ళకి రంగొస్తుంది. కొత్త కొలనులో, అదీ ఎండ బాగా పడేచోట, ఇది రావడం మామూలే. ఇక్కడ మన చెరువుల్లో ఆ పచ్చదనం కోసం రైతులు ఎరువు వేస్తారు, చేపలకి అదే మేతకి మూలం కాబట్టి. మీ కొలనులో అది అవసరం లేదు. చేపలకి విషమూ కాదు. జాగ్రత్త పడాల్సింది తెల్లవారుజామున. పగలు నాచు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి చేపలతోపాటు అదీ పీలుస్తుంది. తెల్లారేసరికి నీళ్ళలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. అందుకే మన రైతులు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లని రాత్రిళ్ళు ఆపరు. ఎండాకాలం ఇంకా కష్టం, 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా పట్టే ప్రాణవాయువు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకి దిగిపోతుంది.

స్పాంజీకి ఈ నాచు చిక్కదు, అంత సన్నం. దానికి యూవీ లైటు పెట్టాలి, అంటే గొట్టంలో అమర్చిన అతినీలలోహిత కాంతి దీపం. నీళ్ళు ఆ గొట్టంలోంచి పోతుంటే నాచు కణాలు చచ్చి ముద్ద కడతాయి, ఆ ముద్దని స్పాంజీ పడుతుంది. ఒకటి రెండు వారాల్లో తేట వస్తుంది. గోడలకి జుట్టులా పట్టే నాచుకి ఇది పనిచేయదు, చేత్తో లాగాల్సిందే. ఆ లైటుని నేరుగా చూడకండి, కళ్ళు పాడవుతాయి. సుమారు ఏడాదికి దాని శక్తి తగ్గిపోతుంది, వెలుగుతున్నట్టే కనపడినా మార్చాలి. మధ్యాహ్నం ఎండకి అడ్డంగా ఒక పక్క గ్రీన్ నెట్ కట్టించండి, సగం గొడవ తీరుతుంది.

కన్నా, నీకు లెక్కలు ఇష్టం కాబట్టి ఒకటి చెయ్యి. మీ కొలను 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు అన్నావు. గుణిస్తే 240 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు, అంటే దాదాపు 6,800 లీటర్లు. కొలనులో నీళ్ళన్నీ గంట, రెండు గంటల్లో ఒకసారి ఫిల్టర్ చుట్టి రావాలి. అంటే గంటకి 3,400 నుంచి 6,800 లీటర్లు తోడే పంపు కావాలి. డబ్బా మీద రాసిన అంకె నమ్మకు. నీళ్ళు పైకెక్కే ఎత్తునిబట్టి, పైపు వంపులనిబట్టి అది తగ్గుతుంది. ఒక బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో కొలిచి చూడు. చేపల లెక్క కూడా ఉంది. ఎదిగిన కోయి ఒకదానికి వెయ్యి లీటర్లు అనుకుంటే మీ కొలనుకి ఆరో ఏడో. పన్నెండు వేశారని రాశారు. ఇప్పుడు వేలెడంతే ఉన్నాయి కాబట్టి నడుస్తుంది, రెండేళ్ళలో రెండు జానలవుతాయి. సగం ఎవరికైనా ఇవ్వడానికి ఇప్పటినుంచే చూసుకోండి. దయచేసి ఊరి చెరువులో మాత్రం వదలొద్దు, అక్కడున్న చేపల తిండి లాక్కుంటాయి, అడుగు కెలికి నీళ్ళు బురద చేస్తాయి.

ఫిల్టర్‌లో వరస కూడా చూడండి. కొలను నీళ్ళు ముందు చెత్త ఆపే బ్రష్షులూ స్పాంజీలూ దాటాలి, ఆ తర్వాతే బ్యాక్టీరియా ఉండే ప్లాస్టిక్ చక్రాల దగ్గరికి రావాలి. తిరగేసి పెడితే వాటిమీద బురద పేరుకుని బ్యాక్టీరియాకి ఊపిరాడదు. వాటికీ ప్రాణవాయువు కావాలి. కరెంటు పోయి మూడు నాలుగు గంటలు పంపు ఆగితే లోపల నీళ్ళు కుళ్ళు కంపు కొడతాయి. కరెంటు రాగానే ఆ మొదటి నీళ్ళు కొలనులోకి పోనివ్వకుండా బయట పారబోయండి. చిన్న ఎయిర్ పంపుని ఇంట్లో ఇన్వర్టర్‌కి కలిపితే ఆ టెన్షన్ ఉండదు.

ఆదివారం చేయాల్సింది ఇది. నీళ్ళు పదో వంతు, అంటే 680 లీటర్లు తీసి, అంతే పోయండి. కొత్త నీళ్ళు ముందురోజే డ్రమ్ముల్లో పట్టి ఎయిర్ పంపు గొట్టం వేసి ఉంచండి, క్లోరిన్ ఎగిరిపోతుంది. వారానికోసారి ఇలాగే చేయాలి. ఎండకి తగ్గిన నీళ్ళు పోయడం, నీళ్ళు మార్చడం ఒకటి కాదమ్మా. ఆవిరయ్యేది నీళ్ళే, మురికంతా కిందే ఉంటుంది. మేత రోజుకి ఒక్కసారి, అయిదు నిమిషాల్లో తినేంత, మిగిలితే వలతో తీసేయండి. ఫిల్టర్‌లో ఒక సంచిలో గుల్లలు కట్టి వేలాడదీయండి. బ్యాక్టీరియా పని చేస్తున్నకొద్దీ నీళ్ళు పుల్లబడే వైపు పోతాయి, గుల్లల్లోని సున్నం దాన్ని ఆపుతుంది. ఇక్కడినుంచి రెండు కిలోలు కడిగి ఆరబెట్టి పంపిస్తున్నాను.

అక్వేరియం షాపులో అమ్మోనియా, నైట్రైట్ చూసే చుక్కలమందు కిట్ దొరుకుతుంది. రెండూ సున్నా ఉండాలి. నైట్రైట్ కనపడితే వెయ్యి లీటర్లకి కిలో చొప్పున అయొడిన్ లేని కల్లుప్పు కరిగించి కలపండి, ఉప్పు దాన్ని మొప్పల్లోకి పోనివ్వదు. ఆదివారం తెల్లారి అయిదింటికి లేచి కొలను దగ్గర కాసేపు కూర్చోండి. చేపలు పైకి తేలి గాలి మింగుతున్నాయా, అడుగున తిరుగుతున్నాయా చూడండి. ఆ సంగతి, కిట్‌లో వచ్చిన రెండు అంకెలు చెప్పడానికి నాకు ఫోన్ చేయండి. నేను నాలుగున్నరకే లేచి ఉంటాను.

మీ అమ్మమ్మ