నీళ్ళు పట్టులా రావాలంటే

చిరంజీవులకు ఆశీస్సులు.

ఎత్తిపోతల జలపాతం దగ్గర మీరు తీసిన ఫొటోలు చూశాను. "వేరేవాళ్ళ ఫొటోల్లో నీళ్ళు పట్టుబట్టలా నున్నగా ఉన్నాయి, మావి ఇలా వచ్చాయేంటి తాతయ్యా?" అని అడిగారు. కెమెరా ఖరీదుతో పని లేదర్రా, షట్టర్, అంటే కెమెరాలోకి వెలుగును వదిలే తెర, ఎంతసేపు తెరుచుకుందన్నదే అసలు సంగతి.

చిన్న లెక్క చెప్తాను. అంచు నుంచి రాలిన నీటి చుక్క ఐదు మీటర్లు దిగేసరికి సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగం అందుకుంటుంది. షట్టర్ 1/1000 సెకను తెరిస్తే అది కదిలేది ఒక్క సెంటీమీటరు. లోయకు ఇవతల వ్యూ పాయింట్ నుంచి ఆ కాస్త కదలిక కనపడదు, చుక్క ఆగినట్టే ఉంటుంది. అదే అర సెకను తెరిస్తే ఐదు మీటర్లకు పైగా గీత గీసుకుంటూ పోతుంది. లెక్కలేనన్ని గీతలు ఒకదాని మీద ఒకటి పడి అలా నున్నగా అవుతాయి. వాగు పక్కనే కూర్చుని రాళ్ళ మీది తుంపర్లు తీసేటప్పుడు మాత్రం 1/2000 పెట్టండి. దగ్గరికి వెళ్ళేకొద్దీ అంతే కదలిక ఫ్రేములో పెద్దదవుతుంది.

మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) 100కి తగ్గించి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/16 దాకా చిన్నది చేసినా 1/100 సెకనుకే వెలుగు సరిపోతుంది. అర సెకను ఉంచితే ఫొటో తెల్లగా పోతుంది. లెన్సు ముందు పెట్టే నల్లద్దం, ఎన్‌డీ ఫిల్టర్, ఒక్కో స్టాపుకు వెలుగును సగం చేస్తుంది; ఆరు స్టాపులదైతే 64వ వంతుకు తగ్గిస్తుంది, దాంతో పని జరుగుతుంది. బాగా మబ్బు పట్టిన రోజైతే మెరుపును, కొంత వెలుగునూ ఆపే పోలరైజర్ ఫిల్టర్ ఒక్కటే చాలు, 1/3 సెకను దాకా వెళ్ళొచ్చు. తడి రాళ్ళ మెరుపూ తగ్గుతుంది, ఎన్‌డీ ఫిల్టర్ డబ్బులూ మిగులుతాయి! ట్రైపాడ్ తప్పదు, రెండు సెకన్ల టైమర్ పెట్టి చేయి తీసేయండి.

ఐఫోన్ ఉన్నవాళ్ళు లైవ్ ఫొటో (కాస్త కదలికనూ కలిపి దాచే ఫొటో) తీసి, తర్వాత లాంగ్ ఎక్స్‌పోజర్ ఎంచుకుంటే దాదాపు ఇలాంటిదే వస్తుంది.

అయితే ప్రతి నీటినీ నున్నగా చేయకండి. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఎగిసే నీటిని 30 సెకన్లు తీస్తే మిగిలేది తెల్లటి మసక, ఆ ఉద్ధృతి ఎక్కడా కనపడదు. దానికి 1/1000 పెట్టండి. సన్నటి ధారకే అర సెకను అందం.

ఈసారి రెండు రకాలుగానూ తీసి, షట్టర్ ఎంత పెట్టారో రాసి పంపండి. తడి రాళ్ళ మీదికి మాత్రం దిగొద్దు, కంచె ఇవతలే ఉండండి.

మీ తాతయ్య