పోల్ డాన్స్‌లో మోచేతుల్ని పాడుచేస్తున్న అపోహ, ఇంకొన్ని చిల్లర అపోహలు

కొత్తగా పోల్ (నిలువు ఉక్కు స్తంభం మీద చేసే డాన్స్) నేర్చుకుంటున్నవాళ్లు రెండు మూడు నెలలు గడిచేసరికి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఇన్‌వర్ట్ (పోల్ పట్టుకుని తలకిందులవడం) ఇంకా రావట్లేదు, రోజూ చేస్తే తొందరగా వస్తుందా?" ఆ వెంటనే కాస్త గొంతు తగ్గించి ఇంకోటి: "మోచేయి లోపలివైపు లాగుతోంది, మామూలేనా?" మొదటి ప్రశ్నకి ఎవరో "రోజూ చెయ్యాల్సిందే" అని చెప్పి ఉంటారు. రెండోది దాని ఫలితం.

అపోహ: రోజూ చేస్తేనే బలం వస్తుంది. నొప్పి వస్తోందంటే బలం పెరుగుతున్నట్టే.

వాస్తవం: సాధన చేసేటప్పుడు బలం తగ్గుతుంది. పెరిగేది ఆ తర్వాత, తిని పడుకున్నప్పుడు. కండరం కొన్ని వారాల్లోనే తేరుకుని ముందుకంటే గట్టిపడుతుంది. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్‌కి రక్త ప్రసరణ తక్కువ కాబట్టి అది అంత బరువుకి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. మూడో నెలకి కండరం సిద్ధమైపోయి ఉంటుంది, టెండన్ ఇంకా వెనకబడి ఉంటుంది. దెబ్బలు తగిలేది సరిగ్గా ఈ సమయంలోనే. అందుకే "నిన్నటిదాకా బాగానే చేశానే, ఇవాళేమైంది" అని ఆశ్చర్యపోతుంటారు.

మోచేయే ఎందుకు ముందు పోతుందంటే, వేళ్లని, మణికట్టుని ముడిచే కండరాల్లో ఎక్కువ భాగం మోచేయి లోపలి బుడిపె దగ్గరే మొదలవుతాయి. క్లైంబ్ (పోల్ ఎక్కడం), ఫైర్‌మన్ స్పిన్ (పోల్ పట్టుకుని చుట్టూ తిరగడం), ఇన్‌వర్ట్ ఏది చేసినా లాగుడు అక్కడే పడుతుంది. పైగా 45 మిల్లీమీటర్ల పోల్ చుట్టూ పిడికిలి పూర్తిగా మూసుకోదు, చెమట పడితే ఇంకా గట్టిగా పిసకాలి. డాక్టర్లు దీన్ని గోల్ఫర్స్ ఎల్బో అంటారు, గోల్ఫ్ ఆడకపోయినా సరే. నీళ్ల బకెట్ ఎత్తినప్పుడు, పచ్చడి సీసా మూత తిప్పినప్పుడు, తడిబట్టలు పిండినప్పుడు లోపలివైపు చురుక్కుమంటే అది కండరాల నొప్పి కాదు. కండరాల నొప్పి పొట్ట కండరాల్లో, వీపులో, రెండు వైపులా పరుచుకుని ఉంటుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. టెండన్ నొప్పిని ఒక్క వేలితో చూపించగలరు.

మరి ఎంత చెయ్యాలి? మొదటి ఏడాది వారానికి రెండు పోల్ క్లాసులు, విడిగా ఒక రోజు బలం కోసం. క్లాసుకి క్లాసుకి మధ్య కనీసం 48 గంటలు. కష్టమైన మూవ్ వార్మప్ అవగానే చెయ్యాలి, చేతులు అలిసిపోయాక చివర్లో కాదు. ఒక్కో వైపు నాలుగైదు ప్రయత్నాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. వరసగా రెండు ప్రయత్నాలు ముందుదానికంటే నాసిగా వచ్చాయంటే ఆ రోజుకి ఆ మూవ్ అయిపోయినట్టే. "ఇంకొక్కసారి, వీడియో తీస్తావా" అనే ఆ ఒక్కసారిలోనే చాలామందికి పట్టు జారుతుంది. బలహీనమైన వైపు ముందు చెయ్యండి, ప్రతి నాలుగో వారం మొత్తం సాధన సగానికి తగ్గించండి.

ఇన్‌వర్ట్ రాకపోవడానికి ప్రయత్నాలు తక్కువవడం కారణం కాదు, నేల నుంచి తన్ని ఎగరడం. అలా ఎగిరితే కుదుపు మొత్తం మోచేతి మీద, భుజం ముందున్న బైసెప్స్ టెండన్ మీద పడుతుంది. దిగేటప్పుడు ఆపుకోవడమూ చేతకాదు. ముందు ఇది చూసుకోండి: రెండు చేతులూ ఛాతీ ఎత్తులో, మోచేతులు పక్కటెముకలకి ఆనించి, భుజాలు చెవులకి దూరంగా ఉంచి, ఎగరకుండా రెండు మోకాళ్లూ ఛాతీకి తెచ్చి 5 సెకన్లు ఆపగలరా? రెండు వైపులా మూడేసిసార్లు వచ్చాక తుంటిని పైకి తిప్పడం మొదలుపెట్టండి. అది వచ్చేదాకా టీచర్ సాయంతో తలకిందులై, అక్కడి నుంచి 5 సెకన్లు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగడం మంచి సాధన. ఒక్కో వైపు మూడు చాలు.

బలం కోసం పెట్టుకున్న రోజున పులప్ బార్‌కి 20 సెకన్లు వేలాడడం మూడుసార్లు, వేలాడుతూ మోచేతులు వంచకుండా భుజం రెక్కల్ని కిందికి లాగడం 8 చొప్పున మూడు సెట్లు, పుషప్‌లు 8 నుంచి 10 మూడు సెట్లు. పోల్‌లో అంతా లాగుడే, తోసే పని తక్కువ కాబట్టి పుషప్‌లు వదిలెయ్యకండి. తర్వాత అందరూ ఎగ్గొట్టేది: ముంజేతిని బల్లమీద పెట్టి, అరచేయి కిందికి ఉంచి, కిలో డంబెల్‌తో మణికట్టు పైకెత్తడం 15 చొప్పున మూడు సెట్లు, వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి విప్పడం 20 చొప్పున రెండు సెట్లు. ఇది చూడ్డానికి ఏమాత్రం బాగుండదు. మోచేతిని కాపాడేది మాత్రం ఇదే.

నొప్పి ఇప్పటికే మొదలైందా? కంగారు పడకండి, మీ పోల్ జీవితం అయిపోలేదు. కానీ క్లాసుకి ముందు నొప్పి మాత్ర వేసుకుని రావడం మానండి. మాత్ర నొప్పిని దాస్తుంది, లాగుడుని కాదు. అలాగని నెల రోజులు చేతిని పూర్తిగా కదపకుండా ఉంచినా లాభం లేదు, తిరిగొచ్చాక మళ్లీ అదే కథ. రెండు వారాలు ఇన్‌వర్ట్‌లు, ట్విస్టెడ్ గ్రిప్ (చేతిని మెలితిప్పి పోల్ పట్టుకోవడం) ఆపండి. ముంజేతిని బల్లమీద పెట్టి, అరచేయి పైకి ఉంచి, కిలో బరువుని కదపకుండా 30 నుంచి 45 సెకన్లు పట్టుకోండి, రోజుకి ఐదుసార్లు. నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటి పొద్దుటికి పెరగకూడదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారినా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చినా ఫిజియో దగ్గరికో, ఎముకల డాక్టరు దగ్గరికో వెళ్లండి.

స్ప్లిట్స్‌ (కాళ్లు పూర్తిగా చాపి నేలమీద కూర్చోవడం) విషయంలోనూ ఇదే తప్పు. కూర్చుంటే నేలకి తగిలే ఎముక దగ్గర నొప్పి వస్తే "ఇంకాస్త సాగదీస్తే వదులవుతుంది" అంటారు. అది బిగుసుకుపోవడం కాదు, తొడ వెనక టెండన్ మొదలయ్యే చోటు. సాగదీస్తే ముదురుతుంది.

ఒళ్లంతా అలిసిపోవడం వేరే సంగతి. లేవగానే నాడి మామూలుకంటే పది దాకా ఎక్కువ కొట్టుకోవడం, నిద్ర పట్టకపోవడం, పోయిన నెల వచ్చిన క్లైంబ్ ఈ నెల రాకపోవడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే ఒక వారం పూర్తిగా ఆపండి. చాలాసార్లు అసలు కారణం తిండి. సన్నబడదామని పూట మానేసి క్లాసుకి వచ్చేవాళ్లే ఎక్కువ. కిలో బరువుకి సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ అంటే 60 కిలోల మనిషికి రోజుకి 95 గ్రాములు. గుడ్డులో ఉండేది 6, 100 గ్రాముల పనీర్‌లో 18 గ్రాముల దాకా. చారన్నంతో ఆ లెక్క తేలదు. మూడు నెలలు నెలసరి రాకపోతే "వ్యాయామం వల్లేలే" అని ఊరుకోకుండా డాక్టర్ని కలవండి.

మిగతా అపోహలు గబగబా చూద్దాం.

ముందు జిమ్‌లో బలం తెచ్చుకుని చేరాలనుకోనక్కర్లేదు. మొదటి పాఠాలు నేలమీదే ఉంటాయి.

పోల్ సిట్‌లో (తొడలతో పోల్‌ని బిగించి కూర్చోవడంలో) తొడలు మండడం, నీలం మచ్చలు పడడం మామూలే, కొన్ని వారాల్లో తగ్గుతాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

పొట్టి నిక్కర్లు చూపించుకోవడానికన్న మాట విని విని విసుగొచ్చింది. ఉక్కుని పట్టేది చర్మం. లెగ్గింగ్స్ వేసుకుని ఎక్కితే జారిపోతారు.

మగవాళ్లకి కాదనేవాళ్లు ఒకసారి మల్లఖంబం చూడండి, స్తంభం మీద చేసే మన పాత వ్యాయామం.

పట్టు జారుతోందని గ్రిప్ క్రీమ్ పొరలు పొరలుగా పూస్తారు. చాలావరకు తప్పు పొద్దున రాసుకున్న మాయిశ్చరైజర్‌ది, కొబ్బరినూనెది. క్లాసు రోజున రెండూ వద్దు. విజయవాడ, విశాఖ ఉక్కపోతలో ప్రతి రెండు మూడు ప్రయత్నాలకోసారి పోల్‌ని సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. ఏసీ మరీ ఎక్కువైనా పోల్ చల్లబడి జారుతుంది. ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి.

ఇంట్లో పోల్ పెట్టుకునేవాళ్లు బరువు గురించి తెగ భయపడతారు. మంచి కంపెనీ పోల్ ఎంత బరువు మోస్తుందో దాని కాగితంలోనే ఉంటుంది. భయపడాల్సింది పైకప్పు గురించి. నేలకి, పైకప్పుకి మధ్య బిగింపుతో నిలిచే పోల్‌ని జిప్సం ఫాల్స్ సీలింగ్‌కి ఆనించారో, సీలింగ్ విరిగి పోల్‌తో సహా కింద పడతారు. పై భాగం స్లాబుకో, బీముకో నేరుగా తగలాలి. బిగించాక లెవెల్‌తో నిలువు చూసుకుని, ఎక్కే ప్రతిసారీ ముందు రెండు చేతులతో గట్టిగా ఊపి చూడండి. కింద పది సెంటీమీటర్ల మందం ఉన్న క్రాష్ మ్యాట్ వెయ్యండి. యోగా మ్యాట్ దానికి బదులు కాదు.