గిటార్ ప్రాసెసర్‌కు చిన్న స్పీకర్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో గిటార్ నేర్పుతున్నాను. ఈమధ్య నా దగ్గరికొచ్చే పిల్లలు పెద్ద యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) జోలికి పోకుండా, రకరకాల యాంప్‌ల, ఎఫెక్ట్‌ల ధ్వనిని అనుకరించే డిజిటల్ ప్రాసెసర్ కొంటున్నారు. హాస్టల్ గదికైనా, అద్దె ఇంటికైనా అదే మేలు. తీరా కొన్నాక, దానికి ఏ స్పీకర్ కలపాలన్న దగ్గర డబ్బు పోగొట్టుకుంటున్నారు. వాళ్ల నోట తరచూ వినే మాటలే ఇవి.

అపోహ: "ఇంట్లో బ్లూటూత్ స్పీకర్ ఉండాది గదన్నా, దాంతోనే కానిచ్చేస్తా."

వాస్తవం: పాటలు వినడానికి అది చాలు, వాయించడానికి చాలదు. బ్లూటూత్ ధ్వనిని కుదించి పంపుతుంది, స్పీకర్ దాన్ని మళ్లీ విప్పుతుంది. ఈ పనికి మామూలుగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకు దాదాపు 35 సెంటీమీటర్లు పోతుంది. అంటే 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే, మీరు ఇంట్లో తీగ మీటుతుంటే యాంప్ 70 మీటర్ల అవతల వీధి చివర మోగినట్టు. నిమిషానికి 120 బీట్ల పాటలో ఇది దాదాపు అర బీటు. తాళం తప్పుతోందని పిల్లలు తమ చేతినే తిట్టుకుంటారు. చేతి తప్పేమీ లేదు. గిటార్‌ను కేబుల్‌తో కలిపి, వెనక వచ్చే ట్రాక్‌ను మాత్రం బ్లూటూత్‌లో పెట్టుకోండి. మనం వినే ట్రాక్‌కే వాయిస్తాం కాబట్టి అక్కడ ఆలస్యం అడ్డు రాదు.

అపోహ: "ఆక్స్ (స్పీకర్‌లో కేబుల్ గుచ్చే రంధ్రం) ఉంటే చాలు, ఏ కేబుల్ అయినా ఒకటే."

వాస్తవం: మా శిష్యుడొకడు వినాయక చవితి మండపంలో వాయించబోతే గిటార్ శబ్దం బావిలోంచి వచ్చినంత సన్నగా వచ్చింది. ఫోన్ పెడితే అదే స్పీకర్ నిక్షేపంగా పాడుతోంది. ప్రాసెసర్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌ను స్టీరియో ఆక్స్‌లో పెట్టాడు. ఆ అవుట్‌పుట్‌లో ఒకే ధ్వని రెండు తీగల్లో ఒకదానికొకటి తలకిందులుగా వస్తుంది. స్పీకర్ ఆ రెంటినీ ఎడమ, కుడి అనుకుని కలిపేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ నుంచి స్టీరియో కేబుల్‌తో ఆక్స్‌లోకి పెడితే ఈ బాధ లేదు. ఇంకొకటి: కొన్ని స్పీకర్లు ఆక్స్‌లో వచ్చిన ధ్వనిని కూడా డిజిటల్‌గా మార్చుకుని ఆలస్యం చేస్తాయి. అట్టపెట్టె మీద ఆ సంగతి రాయరు. గిటార్, ప్రాసెసర్ రెండూ దుకాణానికి తీసుకెళ్లి మీటి చూడడమే దారి.

అపోహ: "గిటార్ యాంప్ అని రాసుంటే కళ్లు మూసుకుని కొనొచ్చు."

వాస్తవం: నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. గిటార్ యాంప్‌లోని స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. మనం ఇష్టపడే ఆ మెత్తదనంలో చాలా పాలు దానిదే. ప్రాసెసర్‌లోని క్యాబినెట్ సిమ్యులేషన్ (యాంప్ స్పీకర్ పెట్టెను అనుకరించే ఏర్పాటు) చేసేదీ ఆ పనే. రెండూ కలిస్తే ఉప్పేసిన పులుసులో మళ్లీ ఉప్పేసినట్టు. గిటార్ దుప్పటి కింద మోగుతుంది. గిటార్ యాంప్‌కు కలిపితే సిమ్యులేషన్ ఆపండి. ఫ్లాట్ స్పీకర్‌కు (అన్ని స్థాయిల ధ్వనినీ హెచ్చుతగ్గులు లేకుండా వినిపించేది) కలిపితే తప్పకుండా ఉంచండి, లేకపోతే డిస్టార్షన్ (రాక్ పాటల్లో వినిపించే గరగర శబ్దం) తేనెటీగల తుట్టెను కదిపినట్టుంటుంది. కొత్తగా కొనేవాళ్లకు నేను ఫ్లాట్ స్పీకరే చెబుతాను. ప్రాసెసర్ ఇచ్చినదాన్ని అది సొంత రుచి కలపకుండా వినిపిస్తుంది.

అపోహ: "వాట్లు ఎంతుంటే అంత మోత."

వాస్తవం: వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. రెట్టింపు మోతగా వినపడాలంటే దాదాపు పది రెట్లు కావాలి. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠాన్ని గొప్పగా చూపే అంకె) వదిలేసి ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల వాట్లు) చూడండి. గదిలో సాధనకు 10 వాట్లు ధారాళం.

అపోహ: "ఇంట్లో సెట్ చేసిన టోన్ స్టేజీ మీదా అంతే."

వాస్తవం: తక్కువ శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ సరిగా అందవు. అమెరికా శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి పక్కింటివాళ్లకు భయపడి తక్కువలో పెట్టుకున్న టోన్, మహతి ఆడిటోరియంలో గుమ్మని మోగుతూ చెవిలో గుచ్చుకుంటుంది. వాయించబోయే శబ్దంలోనే ఒకసారి సరిచూసుకోండి.

అపోహ: "స్పీకర్‌కు బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా పర్లేదు."

వాస్తవం: మరి ప్రాసెసర్‌కు? చాలావాటికి 9 వోల్టుల అడాప్టరే ఆధారం. పవర్ బ్యాంక్‌తో నడపాలనుకుంటే ముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, మిల్లీఆంపియర్లు, పిన్ మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది చూసుకోండి. గిటార్ ఎఫెక్ట్‌లలో సాధారణంగా మధ్యలో మైనస్ ఉంటుంది. తలకిందులుగా ఇస్తే ప్రాసెసర్ కాలిపోవచ్చు.